ఫోన్ లాక్కున్నాక ఏం ఆడాలట?

పిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కోవడం పెద్ద విషయమేం కాదు, గట్టిగా ఒక అరుపు అరిస్తే అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే అరగంట ఉంది చూడండి, అదీ అసలు పరీక్ష. "అమ్మా బోర్ కొడుతోంది", "ఇప్పుడేం చెయ్యను", "ఇంకో పది నిమిషాలే, ప్రామిస్", మళ్ళీ "బోర్ కొడుతోంది". మావాడు మూడో తరగతి. స్కూల్ బస్సు నాలుగింటికి దింపుతుంది, నాకు ఆరు దాకా ఇంట్లోంచే ఆఫీసు కాల్స్ ఉంటాయి, వాళ్ళ నాన్న గచ్చిబౌలి ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి ఎనిమిది. ఆ మధ్యలో వాణ్ణి చూసుకునేది ఫోనో ట్యాబో టీవీయో ఏదో ఒకటి.

వాడు గేమ్ ఆడితే కొంత నయమే అనుకునేదాన్ని. ఆడటం కూడా కాదు, ఎవరో కుర్రాడు గేమ్ ఆడుతూ కేకలు పెడుతుంటే ఆ వీడియో చూస్తాడు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు 2022లో ప్రచురించిన మార్గదర్శకాల్లో ఐదు నుంచి పదేళ్ళ పిల్లలకి రోజుకి రెండు గంటల లోపే స్క్రీన్ అని రాశారు. ఆదివారం పూట మావాడికి ఆ రెండు గంటలూ ఇడ్లీ పిండి పులిసిందో లేదో నేను చూసుకునేలోపే అయిపోతాయి. మిగతా రోజంతా ఏం చెయ్యాలన్నది మాత్రం ఏ డాక్టరూ చీటీ మీద రాసివ్వడు.

నెట్‌లో వెతికితే చిట్కాలకి కొదవ లేదు. "ఇంట్లోనే 50 ఆటలు", "100 యాక్టివిటీలు". అవి రాసేవాళ్ళకి పెరడు ఉంటుంది, పెరట్లో ఇసుక ఉంటుంది, సాయంత్రం నాలుగింటికి పిల్లాడి పక్కన కూర్చునే తీరిక ఉంటుంది. బియ్యానికి రంగులు కలిపి డబ్బాలో పోసి అందులో బొమ్మలు దాచమని ఒకచోట చదివి, సరే చూద్దామని రేషన్ బియ్యం ఒక గ్లాసు తీశాను. అప్పుడే ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు చూసి, "తినే బియ్యానికి రంగులేటమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అంత చేసినా మావాడు అందులో చెయ్యి పెట్టింది ఐదు నిమిషాలే, ఆ తర్వాత వారం పాటు సోఫా సందుల్లోంచి నీలం బియ్యం ఊడ్చుకున్నది నేను. కలరింగ్ పుస్తకాలూ అంతే, ఆన్‌లైన్లో వెయ్యి రూపాయలు పోసి కొన్న సైన్స్ కిట్టూ అంతే. కిట్‌లో అగ్నిపర్వతం ఒకసారి పొంగింది, వాడు చప్పట్లు కొట్టాడు, అయిపోయింది.

ఎందుకలా అవుతుందా అని ఆలోచిస్తే నాకు తట్టింది ఒకటే. ఫోన్‌లో వేలు పెట్టగానే అటువైపు నుంచి ఏదో ఒక స్పందన వస్తుంది, చప్పుడో, పాయింటో, ఇంకో వీడియోనో. కలరింగ్ పుస్తకం నోరు విప్పదు. ఫోన్ ఇచ్చే ఆ స్పందనకి అలవాటుపడ్డ పిల్లాడికి మనం మూగ వస్తువుల్ని ఇచ్చి "ఆడుకో" అంటాం. వాడికి కావాల్సింది కొత్త వస్తువు కాదు, వాడు ఒక ఎత్తు వేస్తే తిరిగి ఎత్తు వేసే మనిషి. అదీ వాణ్ణి గెలిపిద్దామని చూసే మనిషి కాదు, ఓడించాలని నిజంగా పట్టుబట్టే మనిషి. ఈ లెక్కన చూస్తే ఏ ఆట నిలుస్తుందో ఏది నిలవదో ముందే చెప్పేయొచ్చు.

మా ఇంట్లో అలాంటి మనిషి అత్తగారే. ఆవిడది అనకాపల్లి వైపు, ఏటికొప్పాక దగ్గర్లో ఊరు. సంక్రాంతి అయ్యాక చలి తగ్గేదాకా ఉందామని వచ్చారు. ఒక సాయంత్రం నేను కాల్‌లో ఉండగా చింతపండు పిక్కలు తీస్తూ వాణ్ణి పిలిచి, "ఒరేయ్, మంచి లావుపాటివి నాలుగు ఏరు" అన్నారు. వాడు ఏరాడు. ఇద్దరూ కింద పార్కింగ్‌లోకి వెళ్ళారు, అక్కడ సిమెంటు గచ్చు గరుకుగా ఉంటుంది. పిక్కని గచ్చు మీద పెట్టి రెండు చుక్కలు నీళ్ళు వేసి ఒక వైపే అరగదియ్యాలి. పైన ఉన్న ముదురు గోధుమరంగు పొర గుజ్జుగా ఊడొస్తుంది, కింద నుంచి మీగడ రంగులో తెల్లటి పప్పు బయటపడుతుంది. నీళ్ళు వెయ్యకుండా గబగబా రుద్దితే పిక్క వేడెక్కి వేలి కొసలు కాలతాయి, దాన్ని పక్కవాడి చేతికి అంటిస్తే చురుక్కుమంటుంది. ఈ రెండో సంగతి కూడా మామ్మే నేర్పారు, నేర్పి ముందు వాడికే అంటించారు. వాడు ఎగిరి గంతేసి, తిరిగి మామ్మకి అంటించాలని ఇంకో పిక్క తీసుకుని రుద్దడం మొదలుపెట్టాడు. నా కాల్ అయ్యాక కిందకి దిగి చూస్తే ఇద్దరూ గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఇంకా రుద్దుతూనే ఉన్నారు, ఫోన్ ఎక్కడుందో వాడికి గుర్తే లేదు.

ఆ పిక్కలతో అష్టాచెమ్మా. తెలియనివాళ్ళకి చెప్తున్నా, చాక్‌పీసుతో నేల మీద అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్ళు గీయాలి, నాలుగు వైపులా మధ్య గడిలోనూ నట్టనడుమ గడిలోనూ ఇంటూ గుర్తు పెట్టాలి, ఆ గళ్ళలో ఉన్న కాయని ఎవరూ చంపలేరు. ఒక్కొక్కరికి నాలుగు కాయలు, మావాడివి షర్టు గుండీలు, మామ్మవి కందిపప్పు బద్దలు. నాలుగు పిక్కలూ విసిరితే ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్ళు, నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా అంటే ఎనిమిది, ఈ రెంటికీ మళ్ళీ విసిరే పందెం ఉంటుంది. మా అత్తగారి రూలు ప్రకారం ఎదుటివాళ్ళ కాయ ఒక్కటైనా చంపనిదే లోపలి గళ్ళలోకి వెళ్ళడానికి లేదు. దీంతో ఆట మంచి కసిగా సాగుతుంది, ఎందుకంటే తప్పించుకు తిరిగేవాడు ఎప్పటికీ పండలేడు, అంటే కాయని నట్టనడుమ గడికి చేర్చలేడు.

మొదటి ఆటలో మామ్మ వాడి కాయని సరిగ్గా పండబోయే ముందు చంపారు. వాడు గుండీలన్నీ కాలితో తన్నేసి లోపలికి పోయి తలుపేసుకున్నాడు. "చిన్నపిల్లాడు కదా అత్తయ్యా, ఒక్కసారి వదిలెయ్యొచ్చు కదా" అంటే, "వదిలేస్తే ఇంక నాతో ఏం ఆడతాడే" అన్నారు ఆవిడ, పిక్కలు డబ్బాలో వేసుకుంటూ. మర్నాడు బస్సు దిగి బ్యాగు విసిరేసి వాడు అడిగిన మొదటి మాట "మామ్మేదీ?". ఫోన్ అడగలేదు. కక్ష తీర్చుకోవాలి కదా.

అష్టాచెమ్మాలో అదృష్టం పాలు ఎక్కువ. వామనగుంటలు అలా కాదు. ఏడేసి గుంటలు రెండు వరసలు, గుంటకి ఐదు పిక్కలు, మొత్తం డెబ్భై. చెక్క బల్ల ఉంటే మంచిదే, లేకపోతే చాక్‌పీసుతో పద్నాలుగు సున్నాలు చుట్టినా సరిపోతుంది, మేం చేసిందదే. ఒక గుంటలోవి తీసి వరసగా ఒక్కొక్కటి పంచుకుంటూ పోతారు, అయిపోతే ఆ తర్వాతి గుంటలోవి తీసి మళ్ళీ పంచుతారు, తర్వాతిది ఖాళీగా ఉంటే దాన్ని దాటి పక్క గుంటలో ఉన్నవన్నీ మనవి. మొదట్లో మావాడు ఏది పడితే అది తీసేవాడు. మామ్మ మాత్రం చెయ్యి పెట్టకుండా కళ్ళతోనే గుంటలన్నీ తిరిగొచ్చి అప్పుడు తీసేవారు. "నువ్వు ముందే ఎలా తెలుసుకుంటున్నావు?" అని వాడికి అనుమానం వచ్చింది, అక్కణ్ణుంచి వాడూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకోవడం మొదలైంది. ఎక్కాలు అప్పజెప్పమంటే కడుపునొప్పి వచ్చే పిల్లాడు, "ఇందులో తొమ్మిదున్నాయి, తీస్తే అటు చివర్లో ఆగుతుంది, పక్కది ఖాళీ, దాని పక్కన ఎనిమిది" అని లెక్కలు కడుతుంటే, దీన్ని మాథ్స్ యాక్టివిటీ అని వాడి దగ్గర పొరపాటున కూడా అనకూడదని మా ఆయనకి కళ్ళతో సైగ చేశాను. చదువు పేరెత్తితే ఆట అక్కడే చచ్చిపోతుంది.

పులి-మేక ఇంకా ఆలస్యంగా వచ్చింది మా ఇంట్లోకి, తెచ్చింది వాళ్ళ నాన్న. పెళ్ళి శుభలేఖ వెనక అట్ట మీద త్రికోణంలా ఆ గీతల పటం గీశారు. మూడు పులులు, పదిహేను మేకలు. పాత గుళ్ళ మండపాల్లో బండల మీద ఈ పటం చెక్కి ఉండటం చాలామంది చూసే ఉంటారు. పులి పక్కనున్న మేక మీంచి దూకి తింటుంది, మేకలు మాత్రం తినలేవు, దూకలేవు, ఒకదాని వెనక ఒకటి నిలబడి పులికి దారి లేకుండా చెయ్యడమొక్కటే వాటి బలం. పిల్లలందరికీ పులే కావాలి, మావాడికీ అంతే. కానీ వాళ్ళ నాన్న మేకలతో మూడు పులుల్నీ మూలకి బిగించేశాక వాడు చాలాసేపు ఆ అట్టనే చూస్తూ కూర్చున్నాడు. "ఈసారి మేకలు నావి" అన్నాడు తర్వాత. ఓపిక అనేదాన్ని ఈ ఆట నేర్పినట్టు నా నోటితో నేను ఏ రోజూ నేర్పలేకపోయాను, నాకే అది తక్కువ.

ఇక్కడే పెద్దవాళ్ళ ఫోన్ల సంగతి కూడా చెప్పాలి. పులి కదిపి మేక వంతు వచ్చేలోపు మా ఆయన చెయ్యి జేబులోకి పోయేది. వాడు ఊరుకుంటాడా, "నాకైతే వద్దంటావు" అని పట్టుకున్నాడు. అందుకని రాత్రి ఆట అయ్యేదాకా అందరి ఫోన్లూ ఫ్రిజ్ మీద బుట్టలో ఉండాలి. ఆఫీసు ఫోన్ మోగితే లేచెళ్ళి మాట్లాడొచ్చు, అయితే తిరిగొచ్చేసరికి ఒక మేక పోయి ఉంటుంది, అది పెనాల్టీ. ఈ రూలు పెట్టింది వాడే, అందుకే నిలబడింది.

ఇంట్లో ఆటలు ఎన్నున్నా కాళ్ళకి పని ఉండదు. కళ్ళకి కూడా. ఆరుబయట వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లలకి సైట్ వచ్చే అవకాశం తగ్గుతుందని కళ్ళ డాక్టర్లు చెప్తూనే ఉన్నారు, తైవాన్‌లో అయితే 2010 నుంచి స్కూలు పిల్లలు రోజుకి 120 నిమిషాలు బయట ఉండాలని ఒక కార్యక్రమమే పెట్టుకున్నారు. మన అపార్ట్‌మెంట్లలో బయట అంటే పార్కింగ్, అక్కడ "బాల్ ఆటలు నిషేధం" అని బోర్డు. క్రికెట్ ఆడితే కారు అద్దం, ఫుట్‌బాల్ ఆడితే మొదటి అంతస్తు ఆంటీ. పిల్లలు లేక కాదు, మా ఐదంతస్తుల్లో ప్రైమరీ స్కూలు వయసు పిల్లలు బోలెడంతమంది ఉన్నారు, ఒకడు అబాకస్‌లో, ఒకతి భరతనాట్యంలో, మిగతావాళ్ళు ట్యాబ్‌లో. ఒకడు కిందకి దిగే టైమ్‌కి ఇంకొకడు పైకి పోతాడు.

దీనికి మాకు దొరికిన ఉపాయం చాలా చిన్నది. నేనూ ఇంకో ఇద్దరు అమ్మలూ వాట్సాప్‌లో మాట్లాడుకుని ఐదున్నర నుంచి ఆరున్నర దాకా మన పిల్లలు కిందే ఉంటారు అని అనుకున్నాం. కోచ్ లేడు, ఫీజు లేదు. ఇద్దరు ముగ్గురు కనిపిస్తే చాలు, బాల్కనీలోంచి చూసి మిగతావాళ్ళు వాళ్ళే దిగుతారు. ఏం ఆడాలో మేం చెప్పలేదు, మొదటి వారం మాత్రం మా అత్తగారు మెట్ల మీద కూర్చుని నేల-బండ, కుంటాట, ఏడుపెంకులాట ఎలా ఆడాలో చెప్పారు. ఏడుపెంకులకి విరిగిన టైల్స్ వాడకండి, అంచులు కోసుకుంటాయి, చదునైన రాళ్ళు గానీ డబ్బా మూతలు గానీ చాలు, బంతి మెత్తటిది అయితే ఏ ఆంటీకీ అభ్యంతరం ఉండదు. గంటలో అరగంట పోట్లాటకే పోతుంది. "తగల్లేదు", "తగిలింది", "నీ షర్టుకి తగిలింది, షర్టు లెక్కలోకి రాదు". ఆ పోట్లాటల్లోకి నేను వెళ్ళను, వెళ్ళనివ్వను కూడా. ఆరో తరగతి అమ్మాయి ఒకతి ఉంది, ఆ పిల్ల తీర్పు చెప్తే అసోసియేషన్ ప్రెసిడెంట్ కూడా ఎదురు మాట్లాడలేరు.

ఈ గుంపులో అందరికంటే గిరాకీ ఎవరికో తెలుసా, వాచ్‌మన్ కొడుక్కి. మా అత్తగారు ఊరి నుంచి వచ్చేటప్పుడు ఏటికొప్పాక బొంగరాలు తెచ్చారు, అంకుడు కర్రతో చేసి లక్క రంగులు పూసినవి. 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన బొమ్మలవి, చూడ్డానికి ఎంత ముద్దొస్తాయో, వేళ్ళతో తిప్పితే టేబుల్ మీద నిశ్శబ్దంగా తిరుగుతాయి. మావాడు గర్వంగా కిందకి పట్టుకెళ్ళాడు. వాచ్‌మన్ కొడుకు తన మేకు బొంగరం తీసి, తాడు బిగించి చుట్టి, ఒక్క విసురుతో గచ్చు మీద వదిలి, తిరుగుతున్నదాన్ని అరచేతిలోకి ఎక్కించుకున్నాడు. అంతే, మావాడి నోరు తెరుచుకుపోయింది. ఇప్పుడు ఆ విద్య నేర్చుకుంటున్నాడు. గురువుగారికి దక్షిణగా నా వంటింట్లోంచి రోజూ జంతికలు మాయమవుతున్నాయి.

ఇక ఎవరూ దొరకని వేళలు ఉంటాయి. వాన పడుతుంది, నాకు క్లయింట్ కాల్ ఉంటుంది, అత్తగారు కునుకు తీస్తుంటారు. అలాంటప్పుడు బొమ్మల కంటే నిజం పనులే వాణ్ణి ఎక్కువసేపు కూర్చోబెట్టాయి. ఆగిపోయిన గోడ గడియారం, పాడైన రిమోట్, ఒక స్క్రూడ్రైవర్ ఇచ్చి (బ్యాటరీలు ముందే తీసేసి, ప్లగ్గుండే వస్తువు దేనినీ ఇవ్వకుండా) "విప్పి చూడు, మళ్ళీ బిగించక్కర్లేదు" అంటే గంట గడుస్తుంది. ఇక్కడ బదులిచ్చేది వస్తువే, స్క్రూ వదులైతే తెలుస్తుంది, మూత ఊడితే తెలుస్తుంది. పచ్చి బఠాణీలు ఒలవమంటే ఒలుస్తాడు, సగం తింటాడు, తిననివ్వండి. పాత పేపరూ, చీపురు ఈనెలూ, అన్నం మెతుకులూ ఇస్తే గాలిపటం చేస్తాడు, అది ఎగరదు, ఎందుకు ఎగరలేదో చూసి తోక పొడవు పెంచుతాడు, అప్పుడూ ఎగరదు. పర్లేదు. కొన్నిసార్లు ఏమీ ఇవ్వకపోవడమే మంచిది. సోఫాలో తలకిందులుగా వేలాడుతూ "బోర్" అని మూలుగుతుంటే నేను "ఊఁ" అని ఊరుకుంటాను, కాసేపటికి కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది, దుప్పటితో ఏదో గుడారం లేస్తూ ఉంటుంది. ఆ మొదటి కాసేపు ఓర్చుకోవడం మాత్రం కష్టమే, ముఖ్యంగా మీటింగ్‌లో మ్యూట్ తీయాల్సొచ్చినప్పుడు.

రైలు ప్రయాణాలకీ హోటల్లో టిఫిను వచ్చేదాకా ఆగడానికీ కాగితం, పెన్సిలు చాలు. పేరు-ఊరు-జంతువు-వస్తువు తెలుగు అక్షరాలతో ఆడి చూడండి, "ఠ"తో ఊరు రాయమంటే పెద్దవాళ్ళకే చెమటలు పడతాయి. నలుగురుంటే రాజు-మంత్రి-దొంగ-పోలీసు చీటీలు. దొంగ చీటీ వచ్చినప్పుడు మావాడి మొహం చూస్తే చాలు, చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు, ఆ మొహం దాచుకోవడం నేర్చుకోవడమే వాడికి ఇప్పుడు పెద్ద ప్రాజెక్టు.

స్క్రీన్ పూర్తిగా మానేశాడని నేనేం చెప్పను. హోంవర్క్ వాట్సాప్‌లో వస్తుంది, "ఈ వీడియో చూసి చార్ట్ చెయ్యండి" అని స్కూలువాళ్ళే పంపుతారు, మరి ఆ పక్కనే ఇంకో వీడియో రమ్మని పిలుస్తుంటుంది. ఒంట్లో బాగోలేని రోజు కార్టూన్లు చూస్తాడు, చూడనీ. కానీ సాయంత్రం ఐదున్నరకి కింద ఆట ఉందంటే వీడియో మధ్యలో ఉన్నా లేచిపోతాడు, నేను అరవాల్సిన పని లేకుండా.

ఎండాకాలం సెలవులకి మామ్మ ఊరు వెళ్తున్నాం. ముంజకాయల బండి చెయ్యాలని అప్పుడే ప్లాన్. కాయని చెక్కేసి ముంజలు విడిగా తీయించుకుంటే పనికిరాదు, పైన మాత్రం కొట్టించి బొటనవేలు పెట్టి ముంజ తీసుకు తినాలి, అప్పుడు బుర్ర గుండ్రంగా మిగులుతుంది. అలాంటివి రెండు తీసుకుని వాటి మధ్య అడ్డంగా పుల్ల గుచ్చి, ఆ పుల్లని పొడవాటి పంగల కర్రతో తోసుకుంటూ పరిగెత్తడమే. మా పిన్నిగారి పిల్లలకి కూడా పందెం కట్టాలని ఇప్పట్నుంచే సవాళ్ళు విసురుతున్నాడు.

అత్తగారు వెళ్ళిపోయాక అష్టాచెమ్మా ఆగిపోతుందనుకున్నాను. ఆవిడది బటన్ల ఫోన్, వీడియో కాల్ లేదు. వీడు స్పీకర్ పెట్టి ఇక్కడ గళ్ళు గీసుకుని రెండు వైపులా కాయలు తనే కదుపుతాడు, అక్కడ ఆవిడ పిక్కలు విసిరి ఎంత పడిందో చెప్తారు. ఇది స్క్రీన్ టైమ్ లెక్కలోకి వస్తుందా అని మా ఆయన అడిగారు, రాదన్నాను. వాడి బాధ వేరే. "అమ్మా, ఊరెళ్ళాక మామ్మకి అన్నీ అష్టాలే పడుతున్నాయేంటి?"